స్పానిష్ గురించి అడిగిన తమ్ముడికి మా హిందీ క్లాసు సంగతి



పోయిన వారం ఉదయగిరి నుంచి ఒక తమ్ముడు ఈ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాడు. "అన్నా, నేను తొమ్మిదో తరగతి. స్పానిష్ నేర్చుకోవాలని ఉంది. మనలాంటోళ్లకి వస్తుందా?" దాని కింద నలుగురైదుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకరైతే "ముందు తెలుగు తప్పుల్లేకుండా రాయి" అన్నారు. ఆ అన్నవాళ్ల తెలుగులోనూ రెండు తప్పులున్నాయి, అది వేరే సంగతి.

"మనలాంటోళ్లకి" అనే మాట దగ్గర మేం ఆగిపోయాం. మేం అంటే ముగ్గురం. ఒకడిది ఉదయగిరి పక్కన యానాది కాలనీ. ఒకడిది ఆత్మకూరు దగ్గర ఎరుకల ఇళ్లు. ఒక అమ్మాయిది సుగాలీ కుటుంబం, తండా రాయచోటి వైపు. వాళ్ల నాయన పనికోసం ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ముగ్గురం ఒకే క్లాసు. ఈ పోస్టు కూడా ముగ్గురం కలిసే రాస్తున్నాం, కాబట్టి ఎక్కడైనా మాటలు కుదరకపోతే ఏమనుకోవద్దు.

మేం స్పానిష్ నేర్చుకోలేదు. మా హైస్కూల్లో మాకు దొరికిన పరాయి భాష హిందీ. ఇంగ్లీషు ఉంది గానీ దాని భయం వేరు, దాని గురించి ఇంకోసారి రాస్తాం. తమ్ముడూ, నీకు చెప్పాల్సింది ఆ హిందీ క్లాసులోనే ఉంది.

మన దగ్గర హిందీ ఆరో తరగతిలో మొదలవుతుంది. పదో తరగతి పరీక్షలో మిగతా సబ్జెక్టులకి 35 మార్కులు రావాలి, హిందీకి 20 వస్తే చాలు. ఆ 20 అనే అంకె మా హిందీని ఎంత పాడు చేసిందో చెప్పలేం. మొదట చదివిన బళ్లో (పేరెందుకులే) రెండేళ్లు హిందీకి టీచరే లేరు. లెక్కల సారో, డ్రిల్లు సారో వచ్చి "సెలవు చీటీ కంఠతా పట్టండిరా, గట్టెక్కుతారు" అని చెప్పి పోయేవాళ్లు. మేం పట్టాం. "సేవా మే, ప్రధానాధ్యాపక్ జీ" దగ్గర మొదలుపెట్టి "ఆప్‌కా ఆజ్ఞాకారీ ఛాత్ర్" దాకా ఒక్క ఊపిరిలో చెప్పేవాళ్లం. మధ్యలో "ముఝే బుఖార్ ఆయా హై" అని వస్తుంది. బుఖార్ అంటే జ్వరమని మాకు తెలిసింది ఎనిమిదో తరగతిలో. అప్పటిదాకా అది ఊరి పేరనుకున్నాం.

ఎనిమిదిలో ముగ్గురం ఉదయగిరిలో కలిశాం. అక్కడ హిందీకి ఒక మేడమ్ ఉండేది. పేరు రాయం, ఆమెకి ఇలాంటివి నచ్చవు. మొదటి రోజు వచ్చి పుస్తకం తెరవమనలేదు. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, "ఇది మీ ఇంటి దండెం. హిందీ అక్షరాలన్నీ దీనికి ఆరేసిన బట్టలు. తెలుగు అక్షరానికి తల మీద తలకట్టు ఉంటే, వీటన్నిటికీ కలిపి ఒకటే తాడు" అంది. తరవాత క, ఖ, గ, ఘ వరసగా రాసింది. మాకు అప్పుడు తట్టింది, ఇది మన వరసే కదా అని. అక్షరం ఆకారం మారింది, వరస మారలేదు. రెండేళ్లు మాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. మూడు వారాల్లో చదవడం వచ్చింది. అర్థం కాకపోయినా బోర్డులు చదివేవాళ్లం.

బోర్డులంటే గుర్తొచ్చింది. అప్పటికి మా వైపు రైలు లేదు, స్టేషను బోర్డులు లేవు. హిందీ అక్షరాలు ఎక్కడుంటాయంటే బ్యాంకు మీద, పోస్టాఫీసు మీద. మేడమ్ ఒక శనివారం మమ్మల్ని ఊళ్లోకి పంపింది: ఎక్కడెక్కడ హిందీ కనిపిస్తే అక్కడ రాసుకుని రండి అని. పోస్టాఫీసు దగ్గర "డాక్‌ఘర్" రాసుకున్నాం. ఘర్ అంటే ఇల్లు అని మా సుగాలీ అమ్మాయి వెంటనే చెప్పింది. "నీకెట్టా తెలుసు?" అంటే "మా ఇంట్లో కూడా ఘర్ అనే అంటాం" అని మెల్లగా అంది. ఆ మెల్లగా అన్న సంగతి మాకప్పుడు పట్టలేదు.

పలకడం మాత్రం శానా కష్టమైంది. మనకి ఒత్తు పలకదు. ఒకరోజు "నేను అన్నం తింటాను" చెప్పమంటే మాలో ఒకడు లేచి "మై కానా కాతా హూ" అన్నాడు. మేడమ్ నవ్వాపుకుని, "కానా అంటే ఒంటికన్ను వాడు నాయనా. నువ్వు వాణ్ణి తింటున్నావా?" అంది. అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని ఖ అనమంది. గాలి చేతికి తగిలితే ఖ, తగలకపోతే క. ఆ వారమంతా హాస్టల్లో చేతులు నోటికి అడ్డం పెట్టుకునే తిరిగాం. వార్డెన్ సారుకి ఏమైందో అర్థం కాలేదు.

ఆడా మగా గొడవ ఇంకొకటి. తెలుగులో వస్తువంటే "అది", అంతే. హిందీలో కుర్చీ ఆడది, తలుపు మగది, కిటికీ ఆడది. ఇంకా విచిత్రం, "మైనే రోటీ ఖాయీ" అనాలి, "మైనే కేలా ఖాయా" అనాలి. తిన్నది మనం, క్రియ మారేది మాత్రం తిన్న వస్తువుని బట్టి. ఇది పుస్తకంలో నేర్చుకుని ఉంటే మాకు ఈ జన్మలో వచ్చేది కాదు. మేడమ్ మమ్మల్ని చెక్క చెంచాలు చేసే ఇళ్లకి తీసకపోయింది.

ఉదయగిరి చెక్క చెంచాలు తెలియనోళ్లు మన గ్రూపులో ఉండరు. కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రలతో చెంచాలు, ఫోర్కులు, కత్తులు చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలు, వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ. మేం ఒక్కొక్కళ్లం మూడు ప్రశ్నలు అడగాలి: యే క్యా హై, యే కిస్ లకడీ సే బనా హై, ఇస్‌కా దామ్ క్యా హై. అడిగాక దాన్ని మెచ్చుకోవాలి. చమ్మచ్ మగది కాబట్టి "అచ్ఛా", ఛురీ ఆడది కాబట్టి "అచ్ఛీ". తప్పు చెబితే ఆ ఇంటి అవ్వ ఒకామె ముక్కు మీద వేలేసుకునేది. ఆమె ముందు మూడుసార్లు తప్పినాక నాలుగోసారి తప్పలేదు. ఈ రోజుకీ చెంచా చూస్తే మాకు "అచ్ఛా" అనే వస్తుంది.

వాళ్లు ఎందుకు అనడానికి "కైకు" అంటారు, వద్దు అనడానికి "నక్కో" అంటారు. పుస్తకంలో ఉండేది "క్యోం", "నహీ". ఏది కరెక్టు మేడమ్ అని అడిగాం. "పరీక్షలో క్యోం రాయండి. ఈ ఇంట్లో కైకు అనండి" అంది. మాకు ఇంతకంటే మంచి జవాబు ఇప్పటిదాకా ఏ భాషా టీచరూ చెప్పలేదు.

ఉదయగిరి కొండకి భాషలేం కొత్త కాదులే. ఒడిశా గజపతుల కింద ఉన్న దుర్గాన్ని 1514లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు, తరవాత గోల్కొండ వాళ్లొచ్చారు. కొండ మీద మసీదులో పారశీ రాతలున్నాయి. ఎవరెవరి మాటలో అక్కడ రాతి మీద ఉన్నాయి. మన మాట మాత్రం ఏ రాయి మీదా లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఇది రాయాలా వద్దా అని మాలో మేం రెండురోజులు అనుకున్నాం.

తొమ్మిదో తరగతి, సెప్టెంబరు. హిందీ దివస్ దగ్గరపడింది. 1949 సెప్టెంబరు 14న రాజ్యాంగ సభ హిందీని అధికార భాషగా ఒప్పుకుంది కాబట్టి ఆ రోజున బళ్లలో జరుపుతారు. (అధికార భాషే, జాతీయ భాష కాదు. పోటీ పరీక్షల్లో ఈ ప్రశ్న వస్తుంది, గుర్తుపెట్టుకోండి.) మేడమ్ ఒక చార్టు చేయిద్దామంది. బోర్డు మీద "పానీ" అని రాసి, "మీ మీ ఇళ్లల్లో దీన్ని ఏమంటారో చెప్పండి" అని అడిగింది. నీళ్లు అని కొందరన్నారు. తురక పిల్లలు పానీ అన్నారు. తరవాత ఎవరూ మాట్లాడలేదు. మేడమ్ మా వైపు చూసింది.

మాలో ఎరుకల వాడు లేచి "తణ్ణి" అన్నాడు.

క్లాసంతా నవ్వింది. "అరవోడా నువ్వు?" అని వెనక నుంచి ఒకడు. "తణ్ణి కొట్టొచ్చినాడు మేడమ్" అని ఇంకొకడు. మేడమ్ కోప్పడింది గానీ అప్పటికే అయిపోయింది. ఆ సాయంత్రం వాడు సంచి సర్దుకుని ఆత్మకూరు బస్సెక్కేశాడు. ఇంటికి పోయి ఇక చదవనన్నాడు. వాళ్ల నాయన ఏమీ అనలేదు. అవ్వ మాత్రం నవ్విన పిల్లల్ని కాదు, వీణ్ణే తిట్టింది. "బయట ఆ మాట ఎందుకు మాట్లాడినావురా? మేం మాట్లాడినామా ఎప్పుడన్నా?"

ఆ తిట్టు ఎక్కడి నుంచి వచ్చిందో మాకు చాలా తరవాత అర్థమైంది. 1871లో తెల్లోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్లని పుట్టుకతోనే దొంగలని రాసేసి, స్టూవర్టుపురం, మన జిల్లాలో కావలి లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. రాత్రిపూట కూడా హాజరు వేయించుకోవాలి. 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయినా భయం పోలేదు. నోరు తెరిచి సొంత మాట మాట్లాడితే నువ్వెవరో తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుందో అవ్వకి ఆమె అమ్మానాయన చెప్పారు. అందుకని మా వాడి ఇంట్లో ఆ భాష తలుపు వేసుకున్నాకే మాట్లాడేవాళ్లు.

వాడు బడికి రాక వారమైంది. పదో తరగతికి ముందు ఇట్టా పోయినవాళ్లు మళ్లీ రావడం మన కాలనీల్లో ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు. ఎనిమిదో రోజు మేడమ్ మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆత్మకూరు పోయింది. మంచి మాటలేవో చెబుతుందనుకున్నాం. ఆమె అవ్వ పక్కన కూచుని, పెన్ను తీసి, "అవ్వా, ఒకటి నుంచి పది దాకా చెప్పు, రాసుకుంటా" అంది. అవ్వ చాలాసేపు చెప్పలేదు. తరవాత ఆమె ముఖం చూడకుండానే మొదలుపెట్టింది. మూణు, నాలు, అంజు దగ్గరికొచ్చేసరికి మేడమ్ తప్పు రాసుకుంటే అవ్వ సరిచేయడం కూడా మొదలైంది.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు మేడమ్ ఒక మాట చెప్పింది. ఆమెది కూడా ఉర్దూ ఇల్లే. హిందీ ట్రైనింగులో ఉన్నప్పుడు నోరుజారి "నక్కో" అన్నందుకు అందరూ నవ్వారంట. "అప్పటినుంచి ఆరునెలలు క్లాసులో నేను నోరు తెరవలేదు. వాడు నాకంటే నయం, లేచి చెప్పాడు" అంది.

వాడు సోమవారం వచ్చాడు. చార్టులో అయిదు గడులు గీశాం: తెలుగు, హిందీ, ఉర్దూ, ఎరుకల, సుగాలీ. యానాదుల మాట తెలుగే గనక నాకు గడి లేదని మాలో మూడోవాడు ముఖం మాడ్చుకుంటే, మేడమ్ వాడికి బొమ్మలు వేసే పని, కొండలో దొరికే చెట్లూ చేపలూ పిట్టల పేర్లు తెచ్చే పని ఇచ్చింది. ఆ పేర్లు క్లాసులో సగం మందికి తెలుగులో కూడా తెలియవు. వాటికి హిందీ మాటలు వెతకలేక మేడమే చేతులెత్తేసింది.

సుగాలీ గడి నిండుతుంటే మాకు మతిపోయింది. ఏక్, ది, తీన్, చార్, పాంచ్. పాణి, హాత్, ఘర్. హిందీలో ఎప్పుడూ చివరి బెంచీలో కూచునే ఆ అమ్మాయికి సగం హిందీ పుట్టుకతోనే వచ్చు. ఆమెకి అది తెలుసు కూడా. చెప్పుకుంటే తండా పిల్ల అంటారని తెలియనట్టే ఉండిపోయింది, మూడేళ్లు.

తరవాత డిగ్రీలో ఉన్నప్పుడు జనాభా లెక్కలు చూశాం. 2011 లెక్కల భాషా పట్టికలో లంబాడీని హిందీ కింద వేశారు. ఎరుకలని తమిళం కింద వేశారు. "అరవోడా" అని వెనక బెంచీ వాడు అన్నదే పట్టికలో కూడా ఉంది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలుంటే అందులో గిరిజనులవి రెండే, సంతాలీ, బోడో. 2003 సవరణతో వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో పిల్లలకి ఇంటి భాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎనిమిది గిరిజన భాషలు తీసుకున్నారు: గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా. ఎరుకల అందులో లేదు. ఎరుకల ఇళ్లు ఒకచోట గుంపుగా కాకుండా ఊరూరా చెదిరి ఉండటం ఒక కారణం కావచ్చు. ఇది మా అనుమానం మాత్రమే.

హిందీ దివస్ రోజు చిన్న నాటకం వేశాం. సంతలో చెంచాలు అమ్మేవాడు, కొనేవాళ్లు, ఒకరి మాట ఒకరికి తెలియదు. మా వాడు అందరిముందూ "తణ్ణి" అడిగాడు. ఈసారి కూడా నవ్వారు, కానీ నవ్వాల్సిన చోటే నవ్వారు. ఆ ఏడాది మేడమ్ మాకు దక్షిణ భారత హిందీ ప్రచార సభ ప్రాథమిక్ పరీక్ష కట్టించింది. గాంధీ 1918లో మద్రాసులో మొదలుపెట్టించిన సంస్థ అది. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష అని ఒకటి తర్వాత ఒకటి ఉంటాయి, బయట నుంచి కూడా రాయొచ్చు. పొద్దున అయిదున్నరకి హాస్టల్ వరండాలో చదివించేది. ముగ్గురం పాసయ్యాం. పదో తరగతిలో హిందీకి ఎన్నొచ్చాయో చెప్పం గానీ 20 కాదు.

ఇదంతా విని హిందీ గొప్పది, అందరూ నేర్చుకోవాల్సిందే అని మేం అంటున్నామనుకోవద్దు. ఎవరి నెత్తినా ఏ భాషా రుద్దకూడదు. మాకు రుద్దిన రెండేళ్లలో ఒక్క ముక్క రాలేదని పైన రాశాం కదా.

ఇంటర్ అయ్యాక ఎండాకాలం మాలో ఇద్దరం కృష్ణపట్నం వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి పోయాం. అక్కడ బీహారు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. గయా వైపు నుంచి వచ్చిన ఒకాయన మాకు బాగా అలవాటయ్యాడు. చెల్లెలి పెళ్లికి ఊరికి పోవాలి, సూపర్‌వైజరు కాగితం రాసియ్యమన్నాడంట, ఈయనకి రాయడం రాదు. మాకు హిందీ వచ్చని తెలిసి పిలిచాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సిమెంటు బస్తా మీద కాగితం పెట్టి "సేవా మే" అని మొదలుపెట్టాం. ఆరో తరగతిలో బట్టీ పట్టిన చీటీ. ఈసారి బుఖార్ తీసేసి, "మేరీ బహన్ కీ శాదీ హై" అని రాశాం. శాదీ ఆడది, గుర్తుంది. ఆయన కింద వేలిముద్ర వేశాడు. సెలవొచ్చింది.

ఆ రాత్రి ఆయన్ని "మీ ఇంట్లో కూడా ఇదే హిందీనా?" అని అడిగాం. ఆయన కాసేపు ఆగి, "ఇంట్లో మగహీ" అన్నాడు, మా అమ్మాయి "ఘర్" అన్నప్పుడు ఎంత మెల్లగా అందో అంత మెల్లగా. తరవాత చూస్తే జనాభా లెక్కల్లో మగహీ కూడా హిందీ ఖాతాలోనే ఉంది.

ఇక స్పానిష్. తమ్ముడూ, నువ్వు అడిగింది నవ్వాల్సిన మాట కాదు. అనంతపురంలో ఆర్డీటీ ఉంది కదా, 1969లో దాన్ని పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ దేశం మనిషి, బార్సిలోనాలో పుట్టాడు, 2009లో అనంతపురంలోనే పోయాడు. ఆ సంస్థ ఊళ్ల నుంచి వచ్చిన పేద పిల్లలకి డిగ్రీ తరవాత విదేశీ భాషలు నేర్పే బడి నడిపింది. ఇంగ్లీషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పారు. హైదరాబాదులో ఇఫ్లూ కేంద్ర విశ్వవిద్యాలయం. ఇంటర్ తరవాత అక్కడ స్పానిష్‌లో బీఏ చేయొచ్చు, మన ఎస్టీ కోటా ఏడున్నర శాతం ఉంటుంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చూస్తూ ఉండు, వస్తే ఇక్కడ పెడతాం. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ సెర్వాంటెస్ ఉంది, డెలే అనే పరీక్ష వాళ్లది.

ఆడా మగా గొడవ స్పానిష్‌లో కూడా ఉంది. బల్లని "లా మేసా" అంటారు, ఆడది. నువ్వు హిందీలో "మేజ్ అచ్ఛీ హై" నేర్చుకుని ఉంటే ఇది నీకు కొత్త కాదు. ఇంకో సంగతి, నీకు తెలియకుండానే కొన్ని మాటలు వచ్చు. మన మేస్త్రీ, తువాలు, అలమార, పాదిరీ: ఇవన్నీ పోర్చుగీసు వాళ్లతో వచ్చినవి. పోర్చుగీసూ స్పానిషూ అక్కాచెల్లెళ్లు. స్పానిష్‌లో మాయెస్త్రో, తోఆయా, అర్మారియో, పాద్రే. గోడ కట్టే మేస్త్రీ పక్కన మీ నాయన పనిచేసి ఉంటే నువ్వు స్పానిష్ వింటూ పెరిగినట్టే సగం.

మా పాత చార్టు బడిలోనే పోయింది. దాన్ని ఎక్కించుకున్న నోటుబుక్కు మా దగ్గరుంది. అయిదు గడులు, రెండువందల పైన మాటలు. ఎరుకల గడిలో ఇంకా ఖాళీలున్నాయి, అవ్వ ఫోనులో రోజుకి ఒకటో రెండో చెబుతోంది. చివర ఆరో గడి కొత్తగా గీసి స్పానిష్ అని పేరు పెట్టాం. నీళ్లు అనే వరసలో మొదటి మాట మేమే రాసేశాం: అగువా. మిగతావి నీవి. ఆదివారం పది గంటలకి ఆత్మకూరు బస్టాండుకి రా, ఇస్తాం. పెన్సిలు తెచ్చుకో, పెన్నుతో రాస్తే అవ్వ సరిచేసినప్పుడు కొట్టివేతలు ఎక్కువవుతున్నాయి.